తెడ్డులో వినిపించిన మడమ దెబ్బ

పోయిన గంగమ్మ పండగకి ముందు వచ్చిన మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ మండిపోతోంది, కరెంటు ఉంది, నేను తాగి లేను. దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ముఖం మీదే తిట్టే రకం నేను. బతుకంతా సముద్రం మీద గడిపాను, చచ్చినవాడెవడూ వచ్చి నన్ను పలకరించలేదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, హంగులు రావు. జరిగింది రాస్తాను.

పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆస్టినాబాద్‌లో మా ఇల్లు. మా వదిన ఆదెమ్మ మాతోనే ఉంటుంది. మా అన్న పేరు గురువులు, పోయి చాలా ఏళ్ళయింది. సముద్రంలో పోలేదు, జ్వరం వచ్చి ఇదే ఇంట్లో మంచం మీద పోయాడు. వల లాగేటప్పుడు పాడుకోవడానికి సొంతంగా ఒక పాట కట్టాడు. మా పడవ వాళ్ళలో అది మొత్తం వచ్చినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

వదినకి చెవులు పోతున్నాయి. సన్నటి శబ్దాలు అప్పటికే పోయాయి, మందపు శబ్దాలు కొన్నాళ్ళుంటాయి, తర్వాత అవీ ఉండవని డాక్టరు చెప్పాడు. పూర్తిగా పోయేలోపు ఆయన పాట ఒక్కసారి వినాలని వదిన అడిగింది. నేను చెవి దగ్గర అరిచి పాడినా ఆమెకి అందలేదు.

అందుకని నా మనవరాలు లావణ్య ఆ పాటని ఇంట్లోనే రికార్డు చేసింది. అబర్డీన్ బజార్‌లో మొబైల్ షాపులో పని చేస్తుంది, లాప్‌టాప్‌లో పాటలు కలపడం తనంతట తనే నేర్చుకుంది. నా గొంతు, డప్పు, వాటి కింద బేస్ గిటార్. గిటార్ వాయించింది దాని స్నేహితుడు బికాస్, బెంగాలీ అబ్బాయి. పెద్ద నానమ్మకి మందపు శబ్దమే వినిపిస్తుంది కాబట్టి బేస్ పెంచితే చాలనుకున్నారు.

చాలలేదు. బేస్ పెంచితే కప్పు రేకులు దడదడలాడి నా మాట మునిగిపోయింది. తగ్గిస్తే దోమ ఏడ్చినట్టుంది. హెడ్‌ఫోన్‌లో బాగున్నది గదిలో బాగోదు, గది మధ్యలో బాగున్నది మూలకెళితే ఉబ్బిపోతుంది. పొద్దున్నుంచీ అదే గొడవ. వదిన స్పీకరు పెట్టె మీద చెయ్యి వేసి, "మోటారు తిరుగుతున్నట్టుంది గానీ, పాటేదర్రా?" అంది.

"ఈ గదే మోసం చేస్తోంది తాతా. ఏ చెవిని నమ్మాలో తెలీట్లేదు," అంది లావణ్య.

"మీ పెద్దతాత పాట కట్టాడు. మీరు రుబ్బురోలు తిప్పుతున్నారు," అన్నాను.

"అయితే మీరే సెట్ కరో దాదాజీ, మేం చూస్తాం," అన్నాడు బికాస్.

వేటలో మాకొక పద్ధతి ఉండేది. నీళ్ళ అడుగున చేపల గుంపు కూస్తే పైకి వినబడదు. తెడ్డు వెడల్పు కొసని నీళ్ళలో ముంచి, పిడిని దవడ ఎముకకి ఆనిస్తే వినబడుతుంది. పైనున్న అలల రొద పోయి కింది మాటే వస్తుంది. అందులో అన్నని మించినవాడు లేడు. అతని తెడ్డు ఇంకా వాసాల మీదే ఉంది. దించాను. కొసని స్పీకరు పెట్టెకి ఆనించి, పిడి దవడకి పెట్టుకుని, బేస్ తగ్గించమన్నాను. ఇంకా. ఇంకాస్త. ఆగు.

అక్కడ కుదిరింది. పడవ మీద మనిషి నిలబడ్డట్టు బేస్ మీద మాట నిలబడింది. ఆ రెంటి అడుగున ఇంకోటి వినిపించింది. చెక్క మీద మడమ దెబ్బ.

వల లాగేటప్పుడు ప్రతి లాగుకీ అందరం ఒకేసారి పడవ చెక్క మీద మడమ కొడతాం. అన్నకి కుడికాలు కుంటి. అతని దెబ్బ ఎప్పుడూ పిసరంత వెనక పడేది. నాకు వినిపించింది ఆ వెనకపడే దెబ్బ ఒక్కటే.

ఏం వినాలో చెప్పకుండా తెడ్డు వాళ్ళిద్దరికీ ఇచ్చాను. బికాస్ మొహం మారింది. "ఎవరు కొడుతున్నారు దాదాజీ? ఇక్కడ ఫ్లోర్ సిమెంట్ కదా," అన్నాడు. లావణ్య నా గొంతు, డప్పు, బేస్ విడివిడిగా వినిపించింది. దేంట్లోనూ లేదు. మూడూ కలిపితే ఉంది. బేస్ వెంట్రుకవాసి పెంచినా పోతుంది, తగ్గించినా పోతుంది.

మంచం మీద కూర్చున్న వదిన చేతికి తెడ్డు ఇచ్చాం. ఆమెకి మేమేమీ చెప్పలేదు, చెప్పినా వినబడేది కాదు. పిడి దవడకి పెట్టుకుంది. కాసేపటికి పెదాలు కదిలాయి, పాటలో ఒక్క మాట తప్పలేదు. తర్వాత కుడి మడమతో నేల మీద కొట్టడం మొదలుపెట్టింది. డప్పుతో పాటు కాదు, డప్పు పడ్డ పిసరంత తర్వాత.

పాట అయ్యాక తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, "ఇంకా ఆ కాలే ఈడుస్తున్నాడేటి ఈయన?" అంది.



లావణ్య బేస్‌ని అక్కడే ఉంచేసింది. మర్నాడు అదే పెట్టె, అదే తెడ్డు, అదే పాట. పాట చక్కగా వచ్చింది, మడమ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చెక్క మోగి ఉంటుందంటాడు బికాస్. చెక్కకి కుంటి నడక ఎలా వచ్చిందని అడిగితే గిటార్ తీగలు సవరించుకుంటాడు. నాకూ తెలియదు. వదినకి ఇప్పుడు ఏదీ వినిపించదు.

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నది అప్పలస్వామి అనే నేను, నా మనవరాలు లావణ్య, బికాస్, మా వదిన ఆదెమ్మ. నా లెక్కకి మేం నలుగురమే. ఎంతమంది ఉన్నామని వదినని సైగ చేసి అడిగితే మాత్రం చెయ్యి పూర్తిగా తెరిచి ఐదు వేళ్ళూ చూపిస్తుంది.