కరెంటాఫీసులో చెప్పిన పేరు

1968లో సాలూరు లారీ డ్రైవరు భార్య తాయారు, ఉన్న ఇల్లు ఖాళీ చేసి చిన్న అద్దెగదికి మారింది. పాత ఇంటి కనెక్షను రద్దు చేయించకపోతే, అక్కడ కొత్తగా దిగినవాళ్లు వాడుకున్న కరెంటుకు కూడా బిల్లు తనకే వస్తుందని ఎవరో చెప్పారు. అందుకని కరెంటాఫీసుకు వెళ్లింది. రెండు బల్లల ఆ సంస్థానాన్ని ఏలుతున్న గుమాస్తా కలం ఎత్తాడు.

“కనెక్షను ఎవరి పేరు మీదుంది?”

“మా ఇంటాయన పేర్న, బాబూ.”

“ఆ పేరేటి?”

పద్దెనిమిదేళ్ల కాపురంలో తాయారు ఒక్కసారైనా మొగుడి పేరు పలికిన పాపాన పోలేదు.

“నాను సెప్పకూడదు. సింవాచలం కొండమీదున్న దేముడి పేరే.”

“అప్పన్నా?”

“కాదు.”

“అప్పలస్వామా?”

“కాదు బాబూ.”

“కొండమీద ఇంకెంతమందున్నారమ్మా! పోనీ, ఆయన్నే పంపించు.”

“రాలేడు. లారీ బోల్తాపడి పోయినాడు. మూడు నెల్లయినాది.”

గుమాస్తాకు జాలి కలిగింది గాని, ఫారంలో జాలికి గడి లేదు, పేరుకు ఉంది. తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, జన్మలో మొదటిసారి అంది.

“నరసింగరావు.”

అతను రిజిస్టరులో ఆ పేరు వెతికి, ఎర్రసిరాతో కొట్టేసి, “అయిపోయిందమ్మా, వెళ్లు” అన్నాడు మెల్లగా.

తాయారు బల్ల పట్టుకుని అక్కడే నిలబడింది.

“సరిగ్గా ఇనబడినాదా బాబూ? ఇంకోపాలి సెప్పనా?”