కదలని ముల్లు

యోహానుకు గాలి అంటే పిచ్చి. రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో బ్రేకు ఫిట్టరుగా ఉన్నన్నాళ్లూ, గొట్టాలకు సబ్బునీళ్లు పూసి, బుడగ లేచిన చోట లీకు పట్టేవాడు. రిటైరయ్యాక ఇంట్లో కుక్కరు కూత పెట్టినా లేచి వెళ్లి వాషరు చూసేవాడు. ఈ పోరు పడలేక కూతురు ప్రియాంక, తను సరుకు నాణ్యత చూసే కోల్డ్ స్టోరేజీలోనే అతనికి పని ఇప్పించింది.

ఊరి చివర టాటీబంధ్ దాటాక ఉండే ఆ గోదాములో పచ్చి బఠాణీలు గడ్డకట్టించి దాస్తారు. ఆ చలికి గొట్టాల్లో నీళ్లుంటే అవీ గడ్డకడతాయి. అందుకని మంటలార్పే గొట్టాల నిండా గాలే ఉంటుంది. బయటి గదిలో ఒక పెద్ద వాల్వు. గాలి ఒత్తిడే దాని మూతను నొక్కిపట్టి నీళ్లను ఆపుతుంది. మంట వేడికి కప్పు కింద నీళ్లు చిమ్మే ఏ స్ప్రింక్లరు తెరుచుకున్నా గాలి పోయి, ఒత్తిడి పడిపోయి, నీళ్లు దూకుతాయి. గాలి ఊరికే తగ్గినా తెలియడానికి ఒక బజరు. మీటరు ముల్లు చూస్తూ కూర్చోవడం యోహాను పని. ఇంతకంటే సుఖమైన కొలువు ఉంటుందా!

కొన్నాళ్లకే ఆ బజరు గోల మొదలుపెట్టింది. లోపలెక్కడో సన్నటి లీకు. సబ్బునీళ్లు పట్టుకెళితే పూసిన చోటే గడ్డకట్టి అతని విద్యను వెక్కిరించాయి. సూపర్‌వైజరు ఉమేష్ రోజూ వచ్చి, "అంకుల్, యే బజర్ బంద్ కరో నా!" అని తల పట్టుకునేవాడు.

యోహానుకు రోషం వచ్చింది. కంప్రెసరు నుంచి గాలి కొద్దికొద్దిగా వెళ్లే సన్న గొట్టం పక్కన ఒక లావు గొట్టం ఉంది. ఖాళీ గొట్టాలను నింపేటప్పుడు దాని వాల్వు తెరిచి, నిండగానే మూసేయాలి. యోహాను తెరిచి అలాగే వదిలేశాడు. రైల్లో బ్రేకు గాలి తగ్గితే ఇంజను నుంచి ఇంకా పోస్తారు కదా! ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. బజరు నోరు మూసుకుంది.

"చూశావా అమ్మాయ్, బజర్ బంద్! మీ నాన్న చెయ్యి పడితే అంతే," అని టిఫిన్ డబ్బా విప్పుతూ గొప్పలు పోయాడు.

"లీకు దొరికిందా మరి?" అంది ప్రియాంక.

"దొరక్కపోతే ఏంటి? టెన్షన్ తీసుకోకు. తిను."

మర్నాడు లోపల సరుకు పెట్టే రాక్‌కు వెల్డింగు చేస్తుంటే నిప్పురవ్వ గోడలో చలి నిలిపే థర్మాకోల్‌కు అంటుకుంది. "ఆగ్! ఆగ్!" అని అరుస్తూ కూలీలు బయటికి పరుగెత్తుకొచ్చారు. యోహాను ఒక్కొక్క ముఖమే వెతికాడు. ప్రియాంక లేదు.

"మేడమ్ పీఛే హై!" అని ఉమేష్ కేకపెట్టాడు. ఆమె వెనక రాక్ దగ్గర శాంపిల్ తీస్తూ ఉండిపోయింది. తలుపుకీ ఆమెకీ మధ్య మంట, పొగ.

యోహాను మీటరు వైపు తిరిగాడు. ఈపాటికి ముల్లు పడిపోవాలి. పడలేదు. గొట్టంలో గాలి బుస్సుమని పోతోంది. కంప్రెసరు ఊపిరి తిప్పుకోకుండా కొట్టుకుంటోంది. ముల్లు మాత్రం నిన్న తను నిలిపిన చోటే ఉంది. గాలి పోతుంటే ముల్లెందుకు కదలదు? వెనక బోగీలో ఎవరో చైను లాగి బ్రేకు గాలి వదులుతుంటే, ఇంజను దగ్గర తను గాలి పోస్తూనే ఉన్నాడు. గాలి తగ్గకపోతే బండి ఎలా ఆగుతుంది!

లావు గొట్టం వాల్వు మీద పడి తిప్పాడు. తొందరలో పట్టు జారింది. "ప్రభువా, నా బిడ్డ!" అంటూ మళ్లీ పట్టి బిగించాడు. ముల్లు బద్ధకంగా కదిలింది. బజరు మోగింది. "పడవే, ఇంకా పడు," అని ముల్లును బతిమాలాడు. లోపలి నుంచి ప్రియాంక దగ్గు వినబడింది. తర్వాత అదీ ఆగిపోయింది. అప్పుడు దబ్బుమని మూత లేచి, నీళ్లు గొట్టాల్లోకి ఉరికాయి.

మంట తగ్గగానే ఉమేష్ తడి గోనెసంచి కప్పుకుని వెళ్లి ప్రియాంకను నడిపించుకొచ్చాడు. ముఖమంతా మసి, ఒళ్లంతా నీళ్లు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అంకుల్ నే బచా లియా!" అంటూ కూలీలు యోహానును చుట్టుముట్టారు. అతను వాళ్లను తోసుకుని వెళ్లి కూతురి ముందు చతికిలబడ్డాడు.

"నేనేం కాపాడలేదమ్మా. బజరు మోగకూడదని ఆ వాల్వు తెరిచి వదిలేసింది నేనే. నీ మీదికి నీళ్లు రాకుండా చేసింది నేనే."

ప్రియాంక ముఖం మీది మసి తుడుచుకుంది.

"నిన్న అడిగాను కదా నాన్నా, లీకు దొరికిందా అని," అంది. తిట్టినా బాగుండేది.

ఉమేష్‌కి కూడా యోహాను తనే చెప్పుకున్నాడు. ఉద్యోగం పోలేదు గానీ లావు గొట్టం వాల్వుకు తాళం పడింది. తాళంచెవి ప్రియాంక దగ్గర ఉంటుంది. కంపెనీవాళ్లు వచ్చి లీకు వెతికి బాగుచేశారు.

ఇప్పుడు యోహాను పొద్దున్నే బజరు పరీక్షించే చిన్న కుళాయి తిప్పి కాస్త గాలి వదులుతాడు. ముల్లు దిగాలి, బజరు మోగాలి. అది చెవులారా విన్నాకే కూతురిని లోపలికి వెళ్లనిస్తాడు.