వేలంలో తిరిగొచ్చిన నా బూట్లు

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, మీరంతా మోకరించి ప్రార్థిస్తుంటే వెనక గోడకు ఆనుకొని నేనొక్కణ్ణే నిలబడి ఉండటం మీరు చూస్తూనే ఉన్నారు. అది గర్వం కాదు, నా కుడి మోకాలు వంగదు. రాయికల్ బడి మైదానంలో బంతి తన్నడం నేర్చి, జగిత్యాల జట్టుకు ఆడి, హైదరాబాద్‌లో క్లబ్బుకు ఆడి, ఆఖరికి దుబాయిలో ఒక కంపెనీ జట్టుకు స్టాపర్‌గా, అంటే గోలు ముందు నిలబడి వచ్చేవాళ్లను ఆపేవాడిగా ఆడినవాణ్ణి. ఒక మ్యాచ్‌లో బంతి కోసం జారితే మోకాలు మెలిబడింది, ఆపరేషన్ చేసినా ఆట నాకు దక్కలేదు!

ఇంటికొచ్చాక పడిన వేదన ఏమని చెప్పను! మైదానం కంటబడకూడదని చుట్టుదారిన పోయేవాణ్ణి. నా భార్య సుగుణ బీడీలు చుడుతూ టీవీలో మ్యాచ్ పెడితే కసిరేవాణ్ణి. ఎక్కడో బంతి చప్పుడు వినబడితే చాలు, కాలు దానంతటదే కదిలేది, కళ్లలో నీళ్లు తిరిగేవి.

"ప్రభువా, కాలు తీస్కుంటివి, మంచిదే. గీ ఆశ ఎందుకు ఉంచినవ్? గిది గూడ తీస్కపో తండ్రీ, నాతోని అయితలేదు" అని మొరపెట్టాను.

మన గుడిలో కోత పండుగ వచ్చింది. అందరూ గుమ్మడికాయలు, కోళ్లు, కొత్త వడ్లు కానుకగా తెస్తే నేను నా బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టాను, వాటితోనే ఆశ కూడా పోతుందనుకున్నాను. ఆ కానుకలను వేలం వేస్తే, పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి వస్తువును మళ్లీ దేవునికే ఇచ్చేస్తారు కదా, నా బూట్లూ అట్లాగే ఆటో నడిపే సహోదరుని దగ్గరికి పోయి వచ్చాయి, పొలం చేసే పెద్దమ్మ దగ్గరికి పోయి వచ్చాయి, అందరూ ఒకటే నవ్వులు! చివరికి పాడుకున్నది మా సుగుణ. ఆమె తిరిగి ఇవ్వలేదు, తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"దేవుని దగ్గరికి పోయి అచ్చినయ్ గివి. ఇగ మనయి గావు, ఆయనయి. ఏసుకో!" అన్నది.

ఆ సాయంత్రమే సంఘం యువకులు ఆడుతుంటే బూట్లు వేసుకొని వెళ్లి గోలు పక్కన నిలబడ్డాను. పరుగెత్తలేను. కానీ స్టాపర్ పని సగం నోటితోనే సహోదరులారా, వెనకున్నవానికి ఆటంతా కనబడుతుంది, ముందున్నవాళ్లకు కేకేసి చెప్పాలి. "ఎడమకు జరుగు! వాన్ని ఇడువకు!" అని అరిచాను, ఇన్నేళ్లు లోపల అణచుకున్నదంతా ఆ కేకతో బయటికొచ్చింది, అక్కడే ఏడ్చేశాను! దేవునికే మహిమ!

మోకాలు ఇప్పటికీ వంగదు. ఆశ కూడా పోలేదు, బంతి గాల్లోకి లేస్తే దానితో పాటు నా ప్రాణం లేస్తుంది. పోయింది నాలోని చేదు ఒక్కటే, దానికే ఆయనకు వేల స్తోత్రాలు! మీలో ఎవరికైనా తీరని ఆశ ఉంటే దాన్ని చంపుకోకండి, తెచ్చి ఆయన బల్ల మీద పెట్టండి, ఎవరి చేత తిరిగి పంపుతాడో ఎదురుచూడండి.

రండి, ప్రార్థన చేద్దాం. మీరు మోకరించండి. మీ వెనక నేను నిలబడి ఉంటాను.