కోబేలో మా నానీ ముచ్చట్లు

ఆ రోజుల్లో మైదుకూరులో జపాను అంటే ఒక దేశమని చాలామందికి తెలియదు. అదొక రకం గాజు. "జపాను ఉంటే చూపించప్పా" అని ఆడవాళ్ళు మా మామ కొట్టు ముందు కూర్చుని చేతులు చాచేవారు. ఆ గాజులు ఎక్కడో మనుషులే చేస్తారనీ, నేను అక్కడికి పోయి ఉద్యోగం చేస్తాననీ ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడూ తలచుకుంటే నవ్వే వస్తుంది.

మా మామ వయసులో ఓడల్లో పనిచేసి, జపానులోని కోబే రేవులో కొన్నాళ్ళు ఉండి వచ్చినవాడు. అక్కడ గాజులు కొని మన దేశానికి పంపే బొంబాయి సేటు ఒకాయన ఆయనకు తెలుసు. ఆ భాష వచ్చిన కుర్రవాడు కావాలని సేటు కబురు పెట్టగానే మామ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. "హై అంటే ఆడ అవునని. మనింట్లో ఉర్దూలో హై అంటే ఉండాదని. సగం భాష నీకు అప్పుడే వచ్చిండాదిరా" అన్నాడు. మిగతా సగంలో దండం పెట్టడం, గాజు, పెట్టె, పగిలింది వంటివి ఉన్నాయి. ఎదుటివాళ్ళు తిరిగి ఏమంటారో మాత్రం నేర్పలేదు. (ఆయన అక్కడ పెద్దగా నోరు విప్పేవాడే కాదని తరువాత తెలిసింది.)

మా అమ్మ నన్ను కన్న కొద్దికాలానికే పోయింది. నన్ను పెంచింది అమ్మ తల్లి, మా నానీ. నేను పోతానంటే ఆమె వద్దనలేదు. "సంగటి లేకుండా ఎట్ల బతుకుతావురా ఆడ" అని మాత్రం అంది, రాగిపిండి మూట కడుతూ.

కోబేలో సేటు నన్ను గాజుల కార్ఖానాకు పంపాడు. గాజులు చూసి, గడ్డి వేసి పెట్టెల్లో సర్దించాలి. పనివాళ్ళతో మాట్లాడగలిగితే ఉద్యోగం, లేదంటే తిరుగు ఓడ. సర్దే ఆడవాళ్ళందరికీ పెద్ద ఒక ముసలావిడ. అందరూ ఒబాసాన్ అనేవారు, అంటే అవ్వ అని. తొలిరోజే ఒక పెట్టెలో గాజులు పగిలి ఉండటం చూసి, మామ నేర్పిన మాటలన్నీ కూడగట్టుకుని ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నానీ?" అంది.

ఇన్ని సముద్రాల ఇవతల ఈవిడకు మా నానీ సంగతి ఎవరు చెప్పారు? మామే చెప్పి ఉంటాడనుకుని, "బాగుండాదమ్మా, కండ్లే మసక" అని తెలుగులోనే చెప్పి, వేలితో కళ్ళు చూపించాను. ఆమె మళ్ళీ "నానీ?" అంది. అంత ఆపేక్షగా అడుగుతుంటే ఎలా ఊరుకోను? మేకను సాకుతోందని చెప్పాను (మేకలా అరిచి మరీ), ఇంట్లో ఒక్కతే ఉందని చెప్పాను. పక్కనున్న ఆడవాళ్ళు కూడా చేరి "నానీ? నానీ?" అనేసరికి, ఆ ఊరు ఊరంతా మా నానీ క్షేమం అడుగుతున్నట్టు తోచి, గాజుల పెట్టె మీద కూలబడి భోరున ఏడ్చాను. కడుపునొప్పి అనుకుంది కాబోలు, ఒబాసాన్ వేడి గంజి తెచ్చి తాగించింది.

సేటు వచ్చి సంగతి విని ముందు నవ్వాడు. వాళ్ళ భాషలో "నానీ" అంటే "ఏమిటి" అనట. నా మాట ఒక్కటీ వాళ్ళకు అర్థం కాలేదన్నమాట. తరువాత నవ్వు ఆపి, ఆ మాత్రం తెలియనివాడితో పని జరగదు, వచ్చే ఓడకు పొమ్మన్నాడు. నేను తలవంచుకుని బయటికి నడుస్తుంటే, నేనెందుకు ఏడ్చానో ఒబాసాన్ సేటును అడిగి చెప్పించుకుంది. ఆమె నవ్వలేదు. పిల్లవాణ్ణి ఉంచండి, మాటలు నేను నేర్పుతాను అందట. ఆమె మాట తీసేస్తే పెట్టెలు కదలవు కాబట్టి సేటు ఒప్పుకున్నాడు.

అది మొదలు ఒబాసాన్ మధ్యాహ్నం అన్నాల వేళ పక్కన కూర్చోబెట్టుకుని, మా నానీ గురించి వాళ్ళ భాషలోనే చెప్పమనేది. తప్పు పోతే దిద్దేది. అందువల్ల నానీ ఊడిన పళ్ళూ, మొండితనమూ గడగడా చెప్పగలిగాను గానీ, "ఈ సరుకు ఎప్పుడిస్తారు" అని అడగడానికి చాలాకాలం పట్టింది. చెప్పుకుంటే బెంగ తగ్గుతుందనుకున్నాను, రోజురోజుకీ పెరిగింది. అక్కడ వాన విసుగు పుట్టేలా కురిసేది. ఇందులో కొంచెం మా చేల మీద పడితేనా అని నేనంటే, ఆమె ఆకాశం వంక చూసి, పట్టుకుపో అన్నట్టు చెయ్యి ఊపేది.

యుద్ధం వస్తుందన్న మాటలు ముదరగానే సేటు నన్ను పంపేశాడు. ఒబాసాన్ రేవుకు వచ్చింది. తీరా మాట్లాడవలసిన సమయానికి నేర్చుకున్న భాషంతా ఎటు పోయిందో! వంగి దండం పెట్టాను. ఆమె వంగింది. నేను మళ్ళీ వంగాను. ఓడ కూత వేసేదాకా ఇద్దరికీ అదే పని.

ఇల్లు చేరేసరికి నానీకి చూపు పూర్తిగా పోయింది. నా ముఖం తడిమి, అక్కడి సంగతులన్నీ చెప్పించుకుని, "ఆ ముసలామెకు ఎవురుండారురా?" అని అడిగింది. కొడుకొక్కడే, పటాలంలో ఉన్నాడని చెప్పాను. ఆనాటి నుంచి నమాజు అయ్యాక చేతులు చాచి అడిగే దువాలో నా తరువాత ఆమెనూ తలిచేది. (పేరు నోరు తిరగక "కోబే ముసలామె" అనేది; అల్లాకు ఆ మాత్రం తెలియదా అని ఆమె ధీమా.) యుద్ధం అయిపోయాక నేను ఎంత వాకబు చేసినా ఒబాసాన్ కబురు తెలియలేదు.

నానీ పోయాక ఆ దువా నా వంతుకు వచ్చింది. కొంత ఉర్దూలో, కొంత తెలుగులో చెప్పుకుని, ఒబాసాన్ వాటా దగ్గరికి వచ్చేసరికి జపాను భాషలోకి దిగుతాను. నిండా తప్పులే. మాట తడుముకుంటూ కాసేపు ఆగుతాను, పక్కనుంచి ఎవరో అందిస్తారన్నట్టు. ఈ వయసులో ఇదేం అలవాటురా అని నాలో నేనే నవ్వుకుని, తప్పుతోనే ముగించి లేస్తాను.