సాక్ష్యం రోజున పీకిన ప్లగ్గు

మా బావగారంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత రాసేదాంట్లో పక్షపాతం వెతుక్కునే పని మీకు తప్పుతుంది. ఆయన మా అక్క భర్త. అమలాపురంలో నేను పనిచేసిన ఆఫీసుకి మేనేజరు. రొయ్యల చెరువుల్ని దూరం నుంచి కనిపెట్టి ఉండే ఆఫీసు అది. ముమ్మిడివరం చుట్టుపక్కల చెరువుల్లో మీటర్లు పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా, కరెంటు పోయి నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయినా ఆ కబురు మా సర్వర్‌కి వచ్చేది, వెంటనే రైతు ఫోను మోగేది. రైతు పరుగెత్తి జనరేటరు వేసుకోవాలి. ఆలస్యమైతే రొయ్యలు దక్కవు.

ఆ రైతుల్లో మా పిన్ని కూడా ఉంది. బాబాయి పోయాక ఉన్న ఒక్క చెరువునీ తనే చూసుకుంటోంది. "గట్టు మీద పడుకోవడం మానేసేనమ్మా, నువ్వు పెట్టిన ఫోనుంది కదా" అనేది. ఆ మాట వింటే నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసేది. ఒక్క సర్వర్‌ని నమ్ముకుని ఆవిడ నిద్రపోతోంది మరి. అందుకే ఆఫీసులో చెవినిల్లు కట్టుకుని పోరి రెండో సర్వర్ తెప్పించాను.

రెండు సర్వర్లు కొని పక్కపక్కన పెడితే పని అయిపోదు. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉండాలి. "ఉన్నావా", "ఉన్నాను" అని రెండూ క్షణక్షణం పలకరించుకుంటూ ఉండాలి. పలుకు ఆగిందంటే కాచుకున్నది లేచి పని అందుకోవాలి. చెరో అడ్రసూ ఇచ్చి, రెండింటికీ ఉమ్మడిగా ఇంకో అడ్రసు పెట్టాను. చెరువుల మీటర్లకి తెలిసింది ఆ ఉమ్మడి అడ్రసే. ఏ సర్వర్ బతికుంటే అది దాన్ని భుజాన వేసుకుంటుంది. పలకరింపులకీ కబుర్లకీ రెండు దారులు వేశాను. కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ పెట్టె ముందు గదిలో ఒకటి, వెనక గదిలో ఒకటి. దేని కరెంటు దానిదే. ఒక పెట్టె ఆగినా రెండోదాంట్లోంచి దారి ఉంటుంది. కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూశాను, పెట్టెలు ఒక్కొక్కటే ఆపి చూశాను. ఏం చేసినా పిన్నికి ఫోను వెళుతూనే ఉంది. "ఏంటే ఇన్నిసార్లు మోగుతోంది, నా రొయ్యలు బానే ఉన్నాయే" అని ఆవిడ నవ్వింది.

బావగారికి మాత్రం ఆ రెండో పెట్టె కంట్లో నలుసైంది. దాని కేబుళ్లు హాల్లో గోడ పొడుగునా కనిపిస్తున్నాయట.

"ఒక పెట్టె చాలదేంటమ్మా? దాంట్లో ఇంకా బోలెడు కన్నాలు ఖాళీగా ఉన్నాయి కదా."

"ఆ ఒక్కటీ ఆగితే రెండు సర్వర్లూ మూగబోతాయండి. దయచేసి వాటిని ముట్టుకోకండి బావగారూ."

"ఆయ్" అన్నారు, అలాగేనన్నట్టు.

మా బావగారి ఆయ్ చాలా మర్యాదైనది. అది విన్నాక ఇంకోసారి చెప్పడానికి ఎదుటివాళ్లకి మొహమాటం వేస్తుంది. తర్వాత ఆయన చేయదలుచుకున్నది హాయిగా చేసేసుకుంటారు.

మావాళ్లు ప్రార్థన లేకుండా కొత్తది ఏదీ మొదలుపెట్టరు. ఇల్లయినా, ఆటో అయినా, చెరువైనా అంతే. కొత్త సర్వర్‌కి కూడా ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీసు ముందు గదిలోనే ప్రార్థన కూడిక పెట్టారు. బంతిపూల దండలు కట్టారు, కుర్చీలు వేశారు, సౌండు బాక్సు తెప్పించారు. ఎదురు గోడ మీద చెరువుల అంకెలు చూపించే టీవీ. పిన్నిని సాక్ష్యం చెప్పమన్నారు బావగారు. దేవుడు తనకి చేసిన మేలుని నలుగురిలో నిలబడి చెప్పడం మాకు సాక్ష్యం. బయట ముసురు పట్టి ఉంది. పిన్ని తన కాపలా మనిషిని కూడా ఇంటికి పంపేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"అందరికీ వందనాలండి. ఇదివరకు ఇలాంటి ముసుర్లో నేను గట్టు దిగేదాన్ని కాదండి. ఇయ్యాల ధైర్యంగా మీ మధ్యన నిలబడ్డానంటే ఆ ఫోనే కారణమండి. మా అల్లుడుగారు పెట్టించేరండి."

ఆ చివరి మాటకి నాకు ఒళ్లు మండింది. పెట్టించినాయన ముందు వరసలో తల వంచుకుని వినయంగా కూర్చున్నారు. ఆ మొహం చూడలేక టీవీ వైపు తిరిగాను. ఆకుపచ్చ అక్షరాలతో "నడుస్తోంది" అని ఉంది. కానీ పిన్ని చెరువు అంకె కదలడం లేదు. ఏ చెరువు అంకె కూడా కదలడం లేదు.

పాస్టరు అయ్యగారు మైకు అందుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను వంగి, ముందు గది పెట్టె ఉన్న బల్ల మీద పరిచిన గుడ్డ ఎత్తి చూశాను. వెనక గది పెట్టెకి వెళ్లాల్సిన కేబుళ్లు కూడా ముందు గది పెట్టెలోకే వచ్చేసి ఉన్నాయి. ఆ పెట్టె ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని చోట సౌండు బాక్సు ప్లగ్గు. ఆ గదిలో యూపీఎస్ ఉన్న పాయింటు అదొక్కటే. ప్రార్థన మధ్యలో కరెంటు పోతే మైకు ఆగిపోతుందని ఆ పాయింటు మైకుకి ఇచ్చేశారు. సర్వర్లు రెండూ బతికే ఉన్నాయి. ఒకదాని పలుకు ఒకదానికి అందక, రెండోది చచ్చిపోయిందనుకుని దేనికది పెద్దరికం మీద వేసుకుని కూర్చుంది. ఏ ఒక్కదాని కబురూ గడప దాటడం లేదు. టీవీ తీగ నేరుగా మొదటి సర్వర్‌కే ఉండబట్టి, అది పాత అంకెలు చూపిస్తూ ఉంది.

"కూర్చోమ్మా, ప్రార్థన అయ్యేక చూసుకుందాం" అని బావగారు పళ్ల మధ్యనుంచి అన్నారు.

"తప్పుకోండి" అన్నాను. ఆయనతో ఇంకే మర్యాద పదమూ కలపకుండా నేనన్న మొదటి మాట అది. సౌండు బాక్సు ప్లగ్గు పీకి నా పెట్టెది పెట్టాను. వాక్యం మధ్యలో అయ్యగారి గొంతు చిన్నదైపోయింది. అందరూ కళ్లు తెరిచి నన్నే చూశారు. కాసేపటికి పిన్ని సంచిలో ఫోను మోగింది. చెరువు దగ్గర కరెంటు పోయిందని.

పక్క చెరువు రైతుకి ఫోను చేస్తే ఆయనే వెళ్లి జనరేటరు వేశాడు. మేం ఆటోలో చేరేసరికి గట్టు వార పొడుగునా రొయ్యలు తేలి ఉన్నాయి. పిన్ని మంచి చీరతోనే నీళ్లలోకి దిగి, ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని కదులుతుందేమోనని చూసింది. నాకు ఏడుపొచ్చింది. అది కోపంతో వచ్చిన ఏడుపు.

వెనకే వచ్చిన బావగారు గట్టు మీద నిలబడి, "దేవుడి చిత్తం అత్తయ్యగారూ. సగమైనా మిగిల్చేడు" అన్నారు. ఆఫీసులో మాత్రం, "కొత్త మిషను కదండీ, అమ్మాయి సెట్టింగుల్లో ఎక్కడో తేడా వచ్చినట్టుంది" అని చెప్పుకొచ్చారు. ఆ మాట నా చెవిన పడ్డాక పిన్ని ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ మొత్తం వింది. "ఆ ప్లగ్గు తీసింది ఆయనేనా?" అని మాత్రం అడిగింది.

తర్వాతి ఆదివారం సగం చెరువు మిగిలినందుకు కృతజ్ఞతా కూడిక పెట్టారు బావగారు. అదే గది, అవే కుర్చీలు. మళ్లీ పిన్నిదే సాక్ష్యం. ఆవిడ మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ వందనాలండి. దేవుడు నాకు సగం చెరువు మిగిల్చేడండి, ఆయనకి స్తోత్రం. తక్కిన సగం మా అల్లుడుగారు పోగొట్టేరండి. మైకు ఆగకూడదని నా చెరువు కాసే పెట్టె ప్లగ్గు పీకేసేరండి. ముట్టుకోవద్దని అమ్మాయి చెప్పినా వినలేదండి. సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదు కదండీ."

ఎక్కడా గొంతు పెంచలేదు. ఒక్క అండీ తగ్గించలేదు. అలవాటు కొద్దీ గది గదంతా "ఆమెన్" అంది. బావగారి నోట కూడా సగం ఆమెన్ వచ్చి ఆగిపోయింది. ఆయన మొహం మాడిపోయింది. నాకు కడుపు నిండినట్టయింది.

కానీ పిన్ని భోజనానికి ఆగలేదు. గుమ్మం దాకా వెంటపడ్డాను.

"చెరువు దగ్గర ఎవరూ లేరమ్మా" అంది.

"ఫోనుంది కదా పిన్నీ. పెట్టెలు మళ్లీ వేరు చేశాను. వెనక గదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంక ఎవరూ ముట్టుకోలేరు."

పిన్ని నా మొహంలోకి ఎంతో ప్రేమగా చూసింది.

"ఆయ్" అని, ఆటో ఎక్కి గట్టుకి వెళ్లిపోయింది.