కారుకి రిటెన్షన్ ఉండదు

కొత్త కారు లీజుకి తీసుకునే ముందు ఏం తెలుసుకోవాలని ఎవరైనా నన్నడిగితే, ఉద్యోగం పోతే కారు ఏమవుతుందో ముందు కనుక్కోమంటాను. ఎవరూ కనుక్కోరు. మేమూ కనుక్కోలేదు. రంగు అడిగాం, మైలేజీ అడిగాం, వెనక సీట్లో ముగ్గురు పడతారా అని అడిగాం. షోరూంలో ఏసీ చల్లగా ఉంది, కాఫీ ఇచ్చారు, మా ఆయన ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేశారు.

ఆయన అప్పట్లో బిలాస్‌పూర్ బయట ఒక ప్రైవేటు కరెంటు కంపెనీలో పనిచేసేవారు. జీతంలో కొంత పట్టుకుని ఉద్యోగులకి లీజు మీద కార్లు ఇప్పించేవాళ్లు. కొన్నేళ్లు వాడుకోవాలి, గడువు తీరాక తిరిగిచ్చేయాలి, కాదంటే మిగిలిన ధర కట్టి సొంతం చేసుకోవాలి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు ఉంటుంది. మనకి నచ్చినట్టు మార్పులు చేయకూడదు. ఇంతవరకు మాకు బాగానే అర్థమైంది. మిగతా కాగితాలు ఎవరు చదువుతారని బీరువాలో పడేశాను.

కారు మాది కాదని తెలిసి చుట్టాలు మొహం అదోలా పెట్టారు. మావయ్య ఒక్కరే తేలిగ్గా తీసుకున్నారు. ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చి, రైల్వేలో డ్రైవరుగా చేసి ఇక్కడే రిటైరయ్యారు. పెళ్లయ్యాక నేను కాపురానికి వచ్చింది కూడా ఆయన క్వార్టర్‌కే. "క్వార్టర్ మాత్రం మనదేటి? అందులో పెళ్లిళ్లు చెయ్యలేదా, పురుళ్లు పొయ్యలేదా? ఉన్నన్నాళ్లూ మనదే," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

ఇంతకీ ఆ కారు నడిపింది మా ఆయన కాదు. ఆయనకి కంపెనీ బస్సు ఉండేది, పైగా స్టీరింగ్ పట్టుకుంటే భుజాలు బిగుసుకుపోయే మనిషి. నేను సర్కండాలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. అద్దె ఇల్లు కుదుదండ్‌లో. మధ్యలో అర్పా నది. ఏళ్ల తరబడి షేర్ ఆటోల్లో తిరిగాను, ఒకరి మోచెయ్యి నా పక్కటెముకల్లో, నా క్యారేజీ ఇంకొకరి ఒళ్లో. చీర కుచ్చిళ్ల మీద ఎవరో ఒకరి చెప్పుల మట్టి లేకుండా క్లాసులో అడుగుపెట్టిన గుర్తు లేదు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంటానంటే మా ఆయన, "ఈ వయసులోనా?" అన్నారు. ఆ ఒక్క మాటకే నేర్చుకున్నాను.

నేర్పించింది మావయ్య. ఆయనకి కారు నడపడం రాదు. అయినా రైలు నడిపినవాడికి కారొక లెక్కా అని వచ్చి పక్క సీట్లో కూర్చునేవారు. ఇంజన్లో ఉన్న ఇద్దరిలో ఒకరు సిగ్నల్ రంగు పైకి చెప్పాలి, రెండో మనిషి అదే తిరిగి చెప్పాలి. అది రైల్వే రూలు. ఆయన ఆ రూలుని మా కార్లోకి తెచ్చారు. కూడలి కనపడగానే "రెడ్!" అని అరిచేవారు. నేనూ "రెడ్" అనాలి. అనకపోతే మళ్లీ అరిచేవారు. పక్కన ఆగిన స్కూటర్లవాళ్లు తొంగిచూసి నవ్వుకునేవాళ్లు. లాల్‌ఖదాన్ వైపు పట్టాల పక్కన వెళ్తున్నప్పుడు గూడ్సు బండి వస్తే మాత్రం నన్ను మర్చిపోయి చివరి పెట్టె దాకా దాన్నే చూసేవారు. ఆ పూటకి నాకు పాఠం లేనట్టే.

చెయ్యి తిరిగాక ఒక్కదాన్నే వెళ్లడం మొదలుపెట్టాను. ఇంటి నుంచి స్కూలు దాకా ఆ కాసేపు నన్నెవరూ ఏమీ అడగరు. గ్యాస్ బుక్ చేశావా అని అడగరు, మా వాడికి మార్కులెందుకు తగ్గాయని అడగరు. అద్దాలు ఎత్తేసి వంతెన మీద వెళ్తుంటే ఎంత హాయిగా ఉండేదో. ఇంట్లో ఇంకో గది ఉన్నా నాకు అంత ప్రశాంతత దొరికేది కాదు. నగల మీద కూడా ఎప్పుడూ లేని ఆశ నాకు ఆ కారు మీద పుట్టింది.

గడువు సగమైనా తీరకుండానే కంపెనీ ఒక యూనిట్ మూసేసింది. మా ఆయన అందులోనే ఉన్నారు. ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా అలాగే కూర్చుండిపోయారు. నేను ధైర్యం చెప్పాను. చెప్పాలి కదా, ఇంకెవరు చెబుతారు? మనసంతా మాత్రం వాకిట్లో ఉన్న కారు మీదే ఉంది.

నాలుగు రోజులు పోయాక లీజు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగంతో పాటే లీజు కూడా అయిపోతుందట. మిగిలిన కిస్తీలూ, ఆపైన మిగిలిన ధరా ఒకేసారి కడితే కారు మాదే, లేకపోతే నెలాఖరుకి అప్పగించాలి. అన్నీ ఒకేసారి కట్టే స్తోమత మాకెక్కడిది? మా ఆయన తల పట్టుకున్నారు. మావయ్య మాత్రం పేపర్లోంచి తలెత్తి, "అచ్ఛా, దానికింత కంగారేటి? రిటెన్షన్ పెట్టుకో," అన్నారు.

రిటెన్షన్ అంటే ఏమిటో రైల్వే ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. బదిలీ అయినా, రిటైరైనా, చదువులనో జబ్బనో అర్జీ పెట్టుకుంటే అదే క్వార్టర్‌లో ఇంకొన్నాళ్లు ఉండనిస్తారు. మావయ్య రిటైరయ్యాక మేమూ అలాగే ఉన్నాం. ఇంటికి ఉన్నది కారుకి ఎందుకు ఉండదు అనుకున్నాను. లెక్కల టీచర్ని, అయినా అలాగే అనుకున్నాను. మావయ్య మోకాళ్లూ నా స్కూలూ కారణాలుగా రాసి మా ఆయన లీజు కంపెనీకి అర్జీ పంపారు. పంపేశాం కదా అని ముగ్గురం నిశ్చింతగా ఉన్నాం. నా జీతం మీద ఏ బ్యాంకైనా లోనిస్తుందేమో కనుక్కోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

నెలాఖరుకి జవాబు రాలేదు, లీజు కంపెనీ మనిషి వచ్చాడు. నడివయసువాడు, బైకు మీద ఎండన పడి వచ్చాడు. మావయ్య అర్జీ సంగతి చెబితే నవ్వలేదు, అంతవరకు నయం. "దాదాజీ, గాడీకి అలాంటిది ఉండదు," అని హిందీలో మెల్లగా చెప్పాడు. మావయ్య మా వైపు చూడలేదు. "ఉండదేటి?" అని మాత్రం అన్నారు.

అతను కారు చుట్టూ తిరిగి గీతలన్నీ ఫోటో తీసుకున్నాడు. ఎడమ తలుపు మీది గీత కూరగాయల బండివాడి పుణ్యం. వెనక సొట్ట మా గేటుకి నేను తగిలించుకున్నది. డాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి అంటించిన జిగురు మరకని కూడా వదల్లేదు, అదీ మార్పు కిందికే వస్తుందట. వాదించే ఓపిక నాకు లేదు.

తనతో రావాల్సిన డ్రైవరు రాలేదని, యార్డు దాకా కాస్త తెచ్చిపెట్టమని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను తాళం తీసుకున్నాను. ఎవరూ అడక్కుండానే మావయ్య వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు.

ఊరి అవతల యార్డు. దారిలో ట్రాఫిక్ ఉంటే బాగుండేది, ఆరోజే లేదు. అతని బైకు వెనకే నెమ్మదిగా పోనిచ్చాను. యార్డులో ఎవరెవరివో కార్లు దుమ్ము కొట్టుకుని వరసగా ఉన్నాయి. ఖాళీ చూసి రివర్సులో పెట్టాను. ఇంటి దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించేదాన్ని, ఆరోజు ఒక్కసారికే కుదిరింది. తాళం ఇచ్చేసి బయటికొచ్చి ఆటో ఎక్కాం.

ఇంటికొచ్చేసరికి హాలు నిండా జనం. ఎదురింటివాళ్లు, పై వాటావాళ్లు, మా ఆయన చుట్టూ చేరి ఓదారుస్తున్నారు. "పోన్లెండి, మంచి ఉద్యోగం దొరకనివ్వండి, ఇంతకంటే పెద్దది కొంటారు," అంటున్నారు. ఆయన తలూపుతున్నారు. కాగితాల మీద కారు ఆయనదే కదా. ఎదురింటావిడ నన్ను చూసి, "వచ్చావా? కాస్త అందరికీ టీ పెట్టమ్మా, పాపం అన్నయ్యగారు పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదట," అంది. నేను వంటింటి వైపు నడిచాను.

"ఆగమ్మా," అన్నారు మావయ్య వెనక నుంచి. గుమ్మం పట్టుకుని చెప్పులు విప్పుతున్నారు. "టీ నేనెట్టుకొస్తాను. ఒరే, లెగు. ఆ కుర్చీ కోడలికియ్యి. కారు పోయింది ఆవిడది."

మా ఆయన లేచారు. నేను కూర్చున్నాను. అంతమంది ముందు ఏడవకూడదనుకున్నాను గానీ, ఆగలేదు.