రోజుకో అబద్ధం

నా లెక్కల క్లాసు అబద్ధంతో మొదలవుతుంది. పొద్దున్నే చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున మా బడి ఉన్న బంబూఫ్లాట్‌లో దిగేలోపు ఒకటి అల్లుకుంటాను. దారిలో మొసలి ఫెర్రీని తోకకి కట్టుకుని గంటకి నూరు కిలోమీటర్లు లాక్కొచ్చిందంటాను. అది అబద్ధమని పిల్లలు బోర్డు మీద లెక్కవేసి చూపించాలి. పట్టుకున్నవాళ్లకి చప్పట్లు.

మా దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ నుంచి వచ్చి చేరిన ఒక పిల్ల మాత్రం నెలల తరబడి నోరు విప్పలేదు. అక్కడి లెక్కల టీచరు చాక్‌పీసు చేతికిస్తూనే మండిపడేదట. అందుకని ఈ పిల్ల బోర్డు వైపు కాదు, నా మొహం వైపే చూసేది. అలాంటిది ఒక సాయంత్రం గుమ్మం దగ్గర ఆగి, "రేపటి అబద్ధం నేను పకడ్తాను సార్" అంది.

ఆ మర్నాడే నడినీళ్లలో మా ఫెర్రీ ఇంజన్ ఆగిపోయింది. ఎదురుగా హార్బరులోకి వస్తున్న ఓడ హారన్ కొడుతోంది, మేం దానివైపే కొట్టుకుపోతున్నాం. నాకు ఈత రాదు. ఎలాగో ఇంజన్ పలికింది. క్లాసులో అడుగుపెట్టేసరికి నా చేతులింకా వణుకుతున్నాయి.

"సార్, ఆజ్ కా ఝూట్!" ఇవాళ్టి అబద్ధం కోసం పిల్లలు ఎగబడ్డారు.

"ఇంజన్ ఆగిపోయింది. రెండు కిలోమీటర్లు కొట్టుకుపోయాం" అన్నాను.

"ఏటి సార్, మొసలి సెలవెట్టిందా?" వెనక బెంచీ అరిచింది. క్లాసంతా గొల్లుమంది. డస్టరు బల్లకేసి కొడదామని చెయ్యెత్తాను.

అప్పటికే ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి ఉంది. నా చెయ్యి చూసి చాక్‌పీసు వదిలేసింది. అది రెండు ముక్కలైంది.

"గుస్సా వచ్చిందా సార్?" అని అడిగింది.

నవ్వులు ఆగిపోయాయి. ఇప్పుడు నేనొక్క మాట పెడసరంగా అంటే ఈ పిల్ల మళ్లీ బోర్డు దాకా రాదని నాకు తెలుసు. డస్టరు మెల్లగా కింద పెట్టాను.

"కోపం కాదమ్మా, భయం. నిజంగానే ఇంజన్ ఆగింది. చూడు, చేతులు."

వణుకుతున్న నా వేళ్ల వైపు ఆ పిల్ల చూసింది. వంగి చాక్‌పీసు ముక్క తీసుకుంది.

"ఎంతసేపాగింది సార్?"

"పావుగంట."

"నీళ్ల స్పీడు?"

"గంటకి మూడు కిలోమీటర్లని సారంగు చెప్పాడు." సారంగంటే మా ఫెర్రీ నడిపే మనిషి.

అంకెలు వంకరటింకరగా పడ్డాయి. ఒకసారి చెరిపింది. వెనక బెంచీ కూడా ఊపిరి బిగపట్టింది. ముప్పావు కిలోమీటరు అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

"భయం నిజమే సార్," అంది నావైపు తిరక్కుండానే. "రెండు కిలోమీటర్లే ఝూట్."

చప్పట్లకి కిటికీలు అదిరాయి. ఆ పిల్ల చాక్‌పీసు ముక్క నాకు తిరిగివ్వలేదు, గుప్పిట్లో పట్టుకునే బెంచీకి వెళ్లింది.

సాయంత్రం జెట్టీ మీద ఫెర్రీ ఆగగానే లైఫ్‌జాకెట్లు ఎక్కడున్నాయో చూసుకున్నాను. తర్వాతే ఎక్కాను. మర్నాటి అబద్ధానికి ఆ పిల్ల కాచుకుని ఉంటుంది.